వంశపారంపర్య నరాల జబ్బు ఉన్నవారికి వ్యాయామం: ఎంతవరకు, ఎలా?



మా నాయన పొద్దుగూకినాక పొలం నుంచి వస్తుంటే, తల తిప్పి చూడకుండానే ఇంట్లో అందరికీ తెలిసిపోయేది. మోకాలు ఎత్తుగా లేపి, పాదాన్ని టప్పున నేల మీద వేసేవారు. ఒక్కోరోజు ఆ శబ్దంలో తేడా ఉండేది. అంటే ఒక కాలి చెప్పు దారిలో ఎక్కడో జారిపోయిందన్నమాట. అది జారిన సంగతి ఆయనకు తెలిసేది కాదు. ఇంటికొచ్చి తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కునేటప్పుడు చూసుకుని, టార్చి చేతికిచ్చి మమ్మల్ని వెతకడానికి పంపేవారు. పిల్లలం గదా, మాకదొక ఆట. పిక్కలు బాగా సన్నబడి ఉండేవి కాబట్టి ఊళ్ళో ఆయనకు కొంగకాళ్ళాయన అని పేరు పడింది. మా వైపు ఇంటిపేరు మరచిపోతారు గాని ఇలాంటి పేరు మరవరు.

నాకు ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు బాగేపల్లి బస్టాండులో బస్సెక్కుతుంటే నా కుడికాలి చెప్పు కిందనే ఉండిపోయింది. బస్సు కదిలినాక పక్కనున్న అవ్వ, "ఏమ్మా, ఒక చెప్పుతోనే ఊరికి పోతాండావా?" అని అడిగితే గాని నేను చూసుకోలేదు. బస్సులో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కాని ఆ రోజంతా నాయన కాళ్ళే కళ్ళ ముందు కనిపించాయి.

చెప్పు తెలియకుండా జారిపోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది. బెంగళూరులో నరాల డాక్టరు నన్ను మొదట అడిగిన ప్రశ్న అదే. చెప్పు జారుతుందా, జారినప్పుడు తెలుస్తుందా అని. పాదాన్ని పైకెత్తే కండరానికి బలం తగ్గితే చెప్పు జారుతుంది. చర్మానికి స్పర్శ కూడా తగ్గితే జారిన సంగతి తెలియదు. నాకు రెండూ ఉన్నాయి.

బాగేపల్లికి నిమ్హాన్స్ ఆస్పత్రి దాదాపు వంద కిలోమీటర్ల దూరం. అక్కడ చేతులకూ కాళ్ళకూ చిన్న చిన్న కరెంటు షాకులు ఇచ్చి, నరంలో కబురు ఎంత వేగంగా పోతున్నదో కొలిచారు. మామూలు మనిషికి చేతి నరంలో ఆ వేగం సెకనుకు 50 మీటర్లు, అంతకు పైన ఉంటుంది. నాకు 22 వచ్చింది. నాయనను కూడా పిలిపించి చూశారు. ఆయనదీ అదే తీరు. ఆ జబ్బు పేరు షార్కో-మారీ-టూత్. పొట్టిగా సి.ఎం.టి. అంటారు. 1886లో పారిస్‌లో షార్కో, మారీ అనే ఇద్దరు, ఇంగ్లండులో టూత్ అనే ఆయన, ఒకే ఏడాది విడివిడిగా దీన్ని వర్ణించారు. పేరు విని మా స్టాఫ్ రూములో ఒక మేడమ్, "అయితే పళ్ళ డాక్టరు దగ్గరికి పోవాల్సింది గదా" అన్నారు. టూత్ అన్నది మనిషి పేరేనని, దానికీ పళ్ళకూ ఏ సంబంధమూ లేదని చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ మేడమ్ మాట పూర్తిగా తప్పని కూడా అనలేను. మా బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు ప్రతి తరగతిలోనూ కనిపిస్తాయి. అందువల్ల ఇక్కడ ఎవరి కాళ్ళకు ఏమైనా సరే, "నీళ్ళ వల్ల" అనేస్తారు. నాయన విషయంలో ముప్పై ఏళ్ళు అదే అనుకున్నాం. ఫ్లోరైడు ముదిరితే ఎముకలూ కీళ్ళూ బిగుసుకుపోతాయి, వెన్ను వంగనీయదు. సి.ఎం.టి.లో బిగుసుకోవడం కన్నా ముందు పాదం వేలాడిపోతుంది, పిక్క సన్నబడుతుంది, అరికాలు గిన్నెలా ఎత్తుగా లోతుపడుతుంది, వేళ్ళు కొక్కేల్లా వంగుతాయి. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడానికీ వీలుంది. అందుకే నీళ్ళ మీద నెపం వేసి ఊరకుండక ఒకసారి నరాల పరీక్ష చేయించుకోమంటాను.

ఇంకో చిక్కు మాటది. "నరాల బలహీనత" అంటే మన గోడల మీది ప్రకటనల పుణ్యమా అని ఏదో వేరే అర్థం వచ్చేసింది. మగవాళ్ళు ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడి ఏళ్ళ తరబడి ఊరుకుంటారు. పైగా మనం రక్తం పారే నాళాన్నీ నరమనే అంటాం. నేను చెప్పే నరం అది కాదు. వెన్నుపాము నుంచి కండరానికి కబురు తీసుకుపోయే తీగ. కరెంటు తీగకు పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే ఈ నరానికీ ఒక తొడుగు ఉంటుంది. సి.ఎం.టి.లో ఎక్కువ మందికి వచ్చే రకంలో ఆ తొడుగే సరిగా తయారుకాదు. 17వ క్రోమోజోము మీద ఒక చిన్న ముక్క రెండు ప్రతులకు బదులు మూడు ప్రతులు ఉండడమే దానికి కారణమని 1991లో కనుక్కున్నారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ రకం ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది, ఆడైనా మగైనా. దీన్ని నయం చేసే మందు ఇప్పటికీ లేదు. టానిక్కులకూ ఇంజెక్షన్లకూ మా నాయన పెట్టిన డబ్బుతో ఒక పాడి ఆవు వచ్చేది.

మందు లేదనగానే మిగిలింది వ్యాయామం. నేను తప్పు చేసింది అక్కడే.

"కూర్చుంటే కాళ్ళు పడిపోతాయి, బాగా తిప్పాలి" అని చుట్టాలందరూ చెప్పారు. నాకూ పట్టుదల వచ్చింది. తెల్లవారుజామున బడి మైదానంలో పరుగు మొదలుపెట్టాను. పాదం ఎత్తలేని మనిషి పరుగెత్తితే ఏమవుతుందో ఇప్పుడు చెప్తే ఎవరికైనా తెలుస్తుంది. రెండుసార్లు మడమ మెలిపడింది. తర్వాత ఊళ్ళో ఒక జిమ్ములో చేరి చీలమండలకు బరువులు కట్టుకుని ఎత్తాను. నొప్పి పుడితేనే కండరం పెరుగుతుందని అక్కడి కుర్రాడు చెప్పాడు. ఆరోగ్యవంతులకు అది కొంతవరకు చెల్లుతుంది. పాపం, అతనికి తెలిసింది అతను చెప్పాడు. అదే ఏడాది టీచర్లందరం సుల్తాన్‌పేట వైపు నుంచి నందికొండ మెట్లెక్కాం. ఎక్కడం బాగానే ఎక్కాను. దిగేటప్పుడు తొడలు వణికి, చివరి మెట్ల దగ్గర ఇద్దరు భుజాలు పట్టుకుని దించారు. నాలుగు రోజులు బడి మెట్లు ఎక్కలేకపోయాను. ఆ తర్వాత కూడా ఎడమ పాదం మునుపటిలా లేవలేదు.

నా సంగతి విని ఫిజియోథెరపిస్టు తిట్టలేదు. "మీ పొలంలో బోరు మోటారు ఉందా?" అని అడిగారు. వోల్టేజి తక్కువ ఉన్నప్పుడు మోటారు వేస్తే ఏమవుతుందో చిక్కబళ్ళాపురం జిల్లాలో ఎవరికి తెలియదు? వేడెక్కుతుంది, వాసన కొడుతుంది, కాలిపోతుంది. రివైండింగ్ షాపుకు మోసుకుపోవాల్సిందే. అట్లని ఆరు నెలలు అసలు వేయకుండా పెడితే తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. నరం తెచ్చే కబురు తగ్గినప్పుడు, మిగిలిన కొద్ది కండర పోగులే మొత్తం పనిని మోస్తుంటాయి. వాటి చేత ఇంకా మోయిస్తే అవి దెబ్బతింటాయి, అసలు వాడకపోతే అవీ ఎండిపోతాయి.

ఇది ఊరికే పోలిక కాదు, దీని వెనక చాలా ఏళ్ళ పరిశీలన ఉంది. 1971లో అమెరికాలో ఇద్దరు డాక్టర్లు, ముఖమూ భుజాలూ బలహీనపడే ఒక కండరక్షీణత ఉన్న కుటుంబాన్ని పరిశీలించారు. ఎక్కువగా వాడే చేయి వైపే బలహీనత ఎక్కువగా ఉన్నట్టు గమనించారు. అప్పటి నుంచి చాలా ఏళ్ళు "ఇలాంటి వాళ్ళు వ్యాయామం చేయరాదు" అనే మాట నడిచింది. అది కూడా అతే. 1995లో నెదర్లాండ్స్‌లో సి.ఎం.టి. ఉన్నవాళ్ళ చేత 24 వారాలు, వారానికి మూడుసార్లు, కొలత ప్రకారం తొడ కండరాల వ్యాయామం చేయించారు. బలం కొంచెం పెరిగింది, హాని కనిపించలేదు. 2017లో ఆస్ట్రేలియాలో 60 మంది సి.ఎం.టి. పిల్లల మీద చేసిన పరీక్షలో, ఆరు నెలలు పాదం ఎత్తే వ్యాయామం కొలత ప్రకారం చేసినవాళ్ళకు రెండేళ్ళ తర్వాత పాదంలో బలం తగ్గడం తక్కువగా ఉంది. ఈ రెండు చోట్లా ఎవరికి ఎంత అని ముందుగా కొలిచి, చెప్పినంతే చేయించారు.

మరి ఇంట్లో మనం ఎలా కొలుచుకోవాలి? నాకు చెప్పిన గుర్తులు మూడు. వ్యాయామం చేస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే ఎక్కువైందని అర్థం. రెండోది, ఇంక ఒక్కసారి కూడా చేయలేను అనిపించేదాకా పోకూడదు, ఇంకా రెండు మూడు చేయగలను అన్నప్పుడే ఆపాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. మరునాడు చూసుకోవాలి. మరునాడు, ఆ మరునాడు కూడా కండరాల నొప్పి పోకపోయినా, ముందు రోజు చేయగలిగిన పని, అంటే కుర్చీలోంచి లేవడం, జాకెట్టు హుక్కు పెట్టుకోవడం, సుద్దముక్క పట్టుకుని రాయడం కష్టమైనా, చేసింది ఎక్కువ. అప్పుడు సగానికి తగ్గించాలి. ఒక రోజు చేసి ఒక రోజు వదలడం నాకు బాగా కుదిరింది.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. బాగా శ్రమపడినాక మూత్రం కాఫీ డికాక్షన్ రంగులోనో, కోలా రంగులోనో వస్తే, అది వేడి చేసి వచ్చింది కాదు. మజ్జిగ తాగి పడుకోకూడదు. కండరం చితికి అందులోని పదార్థం రక్తంలోకి వచ్చినప్పుడు అలా అవుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇది సి.ఎం.టి.లో కన్నా కొన్ని కండర జబ్బుల్లో ఎక్కువ. ఆ రోజే ఆస్పత్రికి పోవాలి.

కండర జబ్బుల మాట వచ్చింది కాబట్టి మా బడిలో ఒక పిల్లవాడి సంగతి చెప్తాను. మూడో తరగతి. పిక్కలు గుండ్రంగా పెద్దవిగా ఉంటాయి, మా నాయన పిక్కలకు పూర్తిగా వ్యతిరేకం. చూసినవాళ్ళు పహిల్వాన్ అనుకుంటారు. మునివేళ్ళ మీద నడుస్తాడు. నేల మీద నుంచి లేవాలంటే ముందు బోర్లా తిరిగి, చేతులు నేలకు ఆనించి, తర్వాత మోకాళ్ళ మీద, తొడల మీద చేతులు పెట్టుకుంటూ తన ఒంటినే తాను ఎక్కినట్టు లేస్తాడు. డ్రిల్లు పీరియడులో వెనకబడతాడని వాడి చేత బస్కీలు తీయించేవారు. బస్కీలంటే గుంజీళ్ళు. నేను చూస్తూ పోయేదాన్ని. ఒకసారి నేనే, "ఇంత దిట్టంగా ఉన్నావు, బద్ధకం గాకపోతే ఏమిరా" అన్నాను. సైన్సు టీచరును, పైగా నా కాళ్ళు అట్లాంటివి, నేనన్నాను ఆ మాట. ఇప్పటికీ ఆ మాట గొంతులో ముల్లులా ఉంది.

వాడికి డుషెన్ మస్కులర్ డిస్ట్రఫీ అని తేలింది. కండర పోగుల గోడను కాపాడే ఒక ప్రోటీను వాళ్ళ ఒంట్లో తయారుకాదు. అందువల్ల కండరం సాగుతూ బరువు మోసే పనిలో పోగులు చిరిగిపోతాయి. మెట్లు దిగడం, గుట్ట దిగడం, గుంజీళ్ళలో మెల్లగా కిందికి కూర్చోవడం, ఇవన్నీ అలాంటి పనులే. అంటే ఏ పని ఆ బిడ్డకు ఎక్కువ హాని చేస్తుందో, సరిగ్గా దాన్నే మేము శిక్షగా వేశాం. డ్రిల్లు మేష్టరుకు తెలిసిన రోజు ఆయన టిఫిన్ కారియర్ తెరవలేదు.

వాళ్ళ అమ్మను సొంత మేనమామకే ఇచ్చారు. మా మూడు తాలూకాల్లో అది మామూలే. "మేనరికం వల్లనే నా బిడ్డకిట్లయింది టీచరమ్మా" అని ఆమె ఏడ్చింది. ఇక్కడ ఒక్క మాట. మేనరికం వల్ల అవకాశం పెరిగే కండర జబ్బులు ఉన్నాయి. తల్లి దగ్గర ఒకటి, తండ్రి దగ్గర ఒకటి, దాగి ఉన్న రెండు లోపాలు ఒకే బిడ్డలో కలిస్తే వచ్చేవి అవి. నడుమూ తొడలూ బలహీనపడే రకాల్లో చాలా మటుకు అలాంటివే. డుషెన్ అట్లాంటిది కాదు. అది తల్లి ద్వారా ఎక్కువగా మగబిడ్డలకు వస్తుంది, కొన్నిసార్లు ఇంట్లో ఎవరికీ లేకుండానే కొత్తగా పుడుతుంది. మేనరికం చేసుకున్నా, చేసుకోకున్నా వస్తుంది. ఆ తల్లి మీద ఆ నింద నిలవదు. తర్వాతి కాన్పుకు ముందు జన్యు సలహా తీసుకోవాలన్నది వేరే సంగతి, అది తప్పక తీసుకోవాలి.

అట్లాంటి పిల్లవాడు కదలకుండా కూర్చోవాలా? అక్కర్లేదు. 2013లో నెదర్లాండ్స్‌లోనే డుషెన్ ఉన్న 30 మంది పిల్లలతో ఒక పరీక్ష చేశారు. మోటారు సాయంతో తిరిగే పెడళ్ళ మీద 24 వారాలు చేతులూ కాళ్ళూ తిప్పించారు. తిప్పినవాళ్ళు తమ పనులు చేసుకునే శక్తిని నిలుపుకున్నారు, తిప్పని వాళ్ళకు అది తగ్గింది. మన దగ్గర మోటారు పెడళ్ళు ఎక్కడివి? ఆ పిల్లవాడి తాత పాత సైకిలుకు డబుల్ స్టాండు వేసి, వెనక చక్రం గాలిలో ఉండేటట్టు చేశాడు. పిల్లవాడు సీటు మీద కూర్చుని ఉత్తిదే తొక్కుతాడు, తాత హాండిల్ పట్టుకుంటాడు. డాక్టరును అడిగే మొదలుపెట్టారు. డుషెన్ లాంటి కొన్ని జబ్బుల్లో గుండె కూడా కండరమే గదా, అదీ బలహీనపడుతుంది. అందుకే ఇ.సి.జి., ఎకో తీయించుకుని గాని ఏ వ్యాయామమూ మొదలుపెట్టకూడదు, ఏడాదికోసారి మళ్ళీ చూపించుకోవాలి.

నా చెల్లెలి సంగతి వేరే. ఆమెను శిడ్లఘట్ట వైపు ఇచ్చారు. పట్టు పురుగుల కాపురం. ఆమెకూ నా జబ్బే. నాకు ఇచ్చిన వ్యాయామాల కాగితం జెరాక్సు తీసి ఆమెకిచ్చాను, రోజూ చేయమని. నెల తర్వాత చేతుల్లో పట్టు లేదని, పాలచెంబు జారిపోతున్నదని ఫోను చేసింది. "అక్కా, నువ్వు చెప్పినట్టే చేసినానే" అంది. నేను పోయి చూస్తే పురుగులు నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. పురుగులు పెంచినవాళ్ళకు చెప్పాల్సిన పనిలేదు. పురుగు తన జీవితంలో తినే ఆకులో చాలా భాగం ఆ చివరి దశలోనే తింటుంది. తెల్లవారకముందే మల్బరీ కోయాలి, మోపులు మోయాలి, రాత్రిళ్ళు లేచి ఆకు వేయాలి. తర్వాత పండిన పురుగులను చంద్రికల మీదికి ఏరి వేయాలి. అదంతా చేసి, పైన నా కాగితంలోని వ్యాయామమూ చేసింది.

డాక్టర్ల కాగితాల్లో ఆడవాళ్ళ పని లెక్కకు రాదు. కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేసేవాళ్ళను మనసులో పెట్టుకుని రాసిన కాగితాలవి. చెనక్కాయ పెరికే రోజు, రాగి సంగటి కెలికే పెద్ద వంట రోజు, బిందెలతో నీళ్ళు మోసే రోజు, ఆ పనే ఆనాటి వ్యాయామం. అవసరానికి మించిన వ్యాయామం. ఆ రోజు కాగితంలో చెప్పింది మానేసి, పిక్కలు సాగదీసుకుని పడుకోవడమే మందు. నాలుగో జ్వరం నుంచి గూళ్ళు కట్టేదాకా చెల్లెలు వ్యాయామం చేయదు. మోపు ఎత్తే పని మా మరిదికి అప్పగించాం. మొదట గొణిగాడు. ఇప్పుడు ఒక పాత టి.వి.ఎస్. మోపెడ్ మీద తెస్తున్నాడు.

పిక్కలు సాగదీయడం మాత్రం ఏ రోజూ మానకూడనిది. గోడకు ఎదురుగా నిలబడి, రెండు చేతులూ గోడకు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు అంటి ఉండగా ముందుకు వాలాలి. పిక్కలో లాగినట్టు తెలుస్తుంది, నొప్పి పుట్టకూడదు. ముప్పై వరకు లెక్కపెట్టి వదలాలి. కుదుపులు ఇవ్వకూడదు. అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు. మడమ నరం, అంటే మడమ వెనక తాడులాంటిది, బిగుసుకుపోతే గొంతుకు కూర్చోలేరు, వెనక్కి పడిపోతారు. మన పాతకాలపు మరుగుదొడ్లలో ఇది ఎంత కష్టమో పడినవాళ్ళకే తెలుసు.

నిలదొక్కుకోవడం ఇంకొకటి. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు తమకు తెలియకుండానే కళ్ళతో నిలబడుతుంటారు. వెలుతురులో బాగానే ఉంటారు. కరెంటు పోగానే తూలుతారు. బచ్చలింట్లో ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకోగానే పడతారు. మా నాయన తుంటి విరిగింది అట్లాగే. ముఖం కడిగేటప్పుడు ఒక చేయి గోడ మీద పెట్టుకోవాలి, లేదా స్టూలు వేసుకుని కూర్చోవాలి. నిలకడ కోసం వ్యాయామం చేసేటప్పుడు గోడమూల మంచిది. రెండువైపులా గోడలు, ముందు ఒక కుర్చీ. పడేందుకు చోటే ఉండదు. కళ్ళు మూసుకుని ఒంటరిగా చేయవద్దు.

స్పర్శ లేని పాదానికి పుండు పడితే తెలియదు. మధ్యాహ్నం కైవారం గుడి బండల మీద అందరూ గంతులేస్తూ నడుస్తుంటే నేను నింపాదిగా నడిచాను. ఇంటికొచ్చి చూస్తే అరికాలు బొబ్బలు. ఇప్పుడు నడకకు పోయేముందు బూటు తిరగేసి దులుపుతాను, వచ్చినాక అరికాళ్ళు అద్దంలో చూసుకుంటాను. వేన్నీళ్ళు కాలితో కాక మోచేతితో చూస్తాను. పాదం వేలాడకుండా బూటు లోపల పెట్టుకునే ప్లాస్టిక్ పట్టీ ఒకటి కొలిచి చేయించారు. మొదట సిగ్గనిపించింది, చీర కుచ్చిళ్ళ కింద దాచేదాన్ని. దాంతో నడిస్తే అలుపు సగం తగ్గింది. అలుపు తగ్గితే ఇంకొంచెం నడవగలను, కాబట్టి అది వ్యాయామానికి అడ్డం కాదు, సాయం.

ఈత చాలా మంచిదంటారు, నిజమే, నీళ్ళు ఒంటి బరువును మోస్తాయి. కాని మా వైపు ఈత అంటే బావి. పాచి మెట్లు, లోతు నీళ్ళు. స్పర్శ లేని కాళ్ళతో అక్కడికి దిగమని నేను ఎవరికీ చెప్పను. సిమెంటు తొట్టిలో నడుము లోతు నీళ్ళుంటే, పక్కన మనిషి ఉంటే, అందులో నడవండి చాలు. ఎండాకాలం ఏది చేసినా పొద్దున ఎనిమిదికి ముందే.

బళ్ళలో పనిచేసే నా తోటివారికి ఒక విన్నపం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో మస్కులర్ డిస్ట్రఫీ ఉంది, దీర్ఘకాలపు నరాల జబ్బులూ ఉన్నాయి. పరుగులో తరచూ పడే పిల్లవాడిని, నేల మీద నుంచి చేతుల సాయంతో లేచే పిల్లవాడిని, మునివేళ్ళ మీద నడిచే పిల్లవాడిని శిక్షించే ముందు వాళ్ళ ఇంట్లోవాళ్ళను పిలిచి మాట్లాడండి. నేను పాఠం కన్నడంలో చెప్తాను, కోపం మాత్రం తెలుగులో వస్తుంది. ఏ భాషలోనైనా సరే, బద్ధకం అన్న మాట వాడే ముందు ఆ పిల్లల పిక్కలు చూడండి.

మా చిన్నమ్మాయికి పదకొండేళ్ళు. నిరుడు ఖో-ఖో ఆడుతూ మూడుసార్లు మడమ మెలిపెట్టుకుంది. తడిసిన అరికాలితో సిమెంటు మీద నడిచినప్పుడు ముద్ర చూశాను. మడమ, ముందుభాగం పడ్డాయి, మధ్యలో ఏమీ లేదు. నరాల పరీక్షకు ముందే నాకు తెలిసిపోయింది. పిల్ల వైపు చూసి, "అమ్మా, నేను ఖో-ఖో మానేయాలా?" అని అడిగితే జవాబు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. గొంతుకు కూర్చున్నదాన్నుంచి ఉన్నట్టుండి లేచి, మలుపు తిరిగి పరుగెత్తే ఆట అది. మడమకు అంతకన్నా చేటు చేసే ఆట లేదు. ఫిజియోథెరపిస్టునే అడిగాం. జట్టులో ఆడడం మానిపించాం, ఏడ్చింది. బదులుగా మడమకు పట్టీ వేసుకుని సైకిలు మీద బడికి పోతుంది, రోజు విడిచి రోజు రబ్బరు పట్టీతో పాదం పైకెత్తే వ్యాయామం పదిసార్లు చేస్తుంది, ఒక నోటు పుస్తకంలో మరునాడు ఎలా ఉందో రాస్తుంది. మొన్న మంగళవారం పేజీలో, "నిన్న పది బదులు ఇరవై చేశాను, ఇవాళ మెట్లు ఎక్కడం కష్టం, అమ్మకు చెప్పలేదు" అని రాసి ఉంది. ఆ పుస్తకాన్ని వచ్చే నెల డాక్టరు దగ్గరికి తీసుకుపోతున్నాం.